రాతిమీద మొదటి మాట: రైతు

మనిషి వెళ్లిపోయాక అతని గురించి మొదట ఏ మాట చెప్పాలి? జ్ఞాపకార్థ కూడిక జరిగే ప్రతిసారీ సంఘకాపరి ముందు నిలిచే ప్రశ్న ఇది. కుటుంబసభ్యులు ఒక కాగితం రాసి తెచ్చిస్తారు. పుట్టిన ఊరు, చదువు, చేసిన ఉద్యోగం, పొందిన ప్రమోషన్లు, పిల్లలు స్థిరపడిన నగరాలు అన్నీ అందులో ఉంటాయి. కానీ వెళ్లిపోయినవాడు యాభై ఏళ్లు మడక పట్టిన మనిషి అయితే ఆ కాగితం చాలా చిన్నదవుతుంది. పిల్లల ఉద్యోగాలే తండ్రి జీవితచరిత్ర అయిపోతాయి.

ప్రవక్తయైన ఆమోసు దీనికి భిన్నంగా మాట్లాడాడు. బేతేలులో యాజకుడైన అమజ్యా అతణ్ణి ఊరు విడిచి పొమ్మన్నప్పుడు, తాను ప్రవక్తనని గానీ ప్రవక్త కొడుకునని గానీ ఆమోసు చెప్పుకోలేదు. పశువులు కాసేవాడినని, మేడిపండ్లు ఏరుకునేవాడినని చెప్పాడు (ఆమోసు 7:14). దేవుడు తనను మంద వెనుక నుంచి పిలిచాడన్న సంగతి అతనికి సిగ్గు అనిపించలేదు. అదే అతని సాక్ష్యం.

ఆమోసు మాటను గుర్తుచేసే ఒక సమాధి రాయి స్కాట్లాండులో ఉంది. దక్షిణ సరిహద్దుల్లో బెర్విక్‌షైర్ ప్రాంతపు చర్న్‌సైడ్ అనే చిన్న గ్రామంలో, పాత చర్చి ఆవరణలో ఆ రాయి నిలబడి ఉంది. దాని కింద విశ్రమిస్తున్నవాడు ప్రపంచమంతా ఎరిగిన మోటారు రేసు వీరుడు జిమ్ క్లార్క్. రెండుసార్లు ప్రపంచ చాంపియన్. అయితే ఆ రాతిమీద ఆయన పేరు, జనన మరణాల తేదీల తర్వాత వృత్తిగా మొదట చెక్కిన మాట ‘రైతు’. ప్రపంచ చాంపియన్ అన్న మాట దాని తర్వాతే వస్తుంది.

మందల మధ్య పెరిగినవాడు

జిమ్ క్లార్క్ 1936 మార్చి 4న స్కాట్లాండులోని ఫైఫ్ ప్రాంతంలో, కిల్‌మెనీ అనే ఊళ్లో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. నలుగురు అక్కల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క మగబిడ్డ. 1942లో ఆ కుటుంబం చర్న్‌సైడ్ దగ్గరున్న ఎడింగ్టన్ మెయిన్స్ అనే పెద్ద కమతానికి మారింది. ఇంట్లో పెద్దల మరణాల వల్ల పదహారేళ్లకే చదువు ఆపి, ఆయన పొలం పనిలో దిగాడు. గొర్రెల మందలు, పశువులు, పైర్లు, ట్రాక్టర్లు: యవ్వనమంతా వాటి మధ్యనే గడిచింది.

ఈ మాట చదువుతుంటే మన అనంతపురం రైతుకు కొంత పరిచయమున్న లోకమే అనిపిస్తుంది. గొర్రెల మందలకు పేరుపడిన నేల మనది. మంద వెనుక నడిచే మనిషి ఓపిక ఎలాంటిదో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. తేడా వానలో ఉంది. అక్కడ ఏడాది పొడవునా ఏదో ఒక నెలలో వాన పలకరిస్తూనే ఉంటుంది. ఇక్కడ సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అది మంచి ఏడు. ఆ వానైనా శనక్కాయ విత్తినప్పుడు ఒకటి, ఊడలు దిగేటప్పుడు ఒకటి అన్నట్టు సమయానికి పడాలి. పడకపోతే పైరు కళ్లముందే మాడిపోతుంది.

రైతుకు రేసుల పిచ్చి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మన పల్లెల్లో తిరునాళ్ల వేళ జరిగే బండలాగుడు పోటీలు చూసినవారికి ఆ అనుమానం రాదు. ఎద్దులను బిడ్డల్లా మేపి, వాటి బలాన్ని పదిమంది ముందు చూపించాలనుకునే రైతు మనకు తెలుసు. ట్రాలీ తగిలించిన ట్రాక్టరును గీత తప్పకుండా వెనక్కి నడిపే పోటీలో ఊరంతా ఊపిరి బిగబట్టి చూడటమూ తెలుసు. తన చేతికింద ఉన్న శక్తిని అదుపులో పెట్టుకోవడంలో మనిషికి ఒక ఆనందం ఉంది. ఆ ఆనందం దేవుడిచ్చినదే.

1956లో తోటి రైతు, స్నేహితుడు ఇయాన్ స్కాట్ వాట్సన్ తన కారును క్రైమండ్ అనే పాత విమానాశ్రయంలో జరిగే పోటీకి తీసుకువెళ్లాడు. క్లార్క్ అతనికి సాయంగా వెళ్లి, అక్కడ తానే స్టీరింగు పట్టుకున్నాడు. స్నేహితుడికంటే వేగంగా నడిపాడు. ఇంట్లో తల్లిదండ్రులకు ఈ వ్యవహారం నచ్చలేదు. ఉన్న ఒక్క కొడుకు, అంత పొలానికి ఒక్కడే వారసుడు. వారి భయాన్ని ఈనాటి ఏ తల్లి అయినా, తండ్రి అయినా అర్థం చేసుకోగలరు.

చేతికి దొరికిన వరం

1960లో కోలిన్ చాప్‌మన్ నడిపే లోటస్ జట్టుతో క్లార్క్ ఫార్ములా వన్ పోటీల్లో ప్రవేశించాడు. చివరిదాకా ఆ జట్టును విడిచిపెట్టలేదు. 1963లో ఆ ఏటి పది ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీల్లో ఏడింటిని గెలిచి చాంపియన్ అయ్యాడు. 1965లో మరోసారి చాంపియన్. అదే ఏడాది అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 మైళ్ల పోటీలో 200 చుట్లకు 190 చుట్లు ముందుండి గెలిచాడు. ఒకే ఏడాదిలో ఆ రెండింటినీ సాధించినవారు ఈనాటికీ మరొకరు లేరు. 1968 జనవరి 1న దక్షిణాఫ్రికాలో తన 25వ గ్రాండ్ ప్రి గెలిచి, అప్పటివరకు ఫాంజియో పేరిట ఉన్న 24 విజయాల రికార్డును దాటాడు. తాను దిగిన 72 గ్రాండ్ ప్రి పోటీల్లోనే ఇదంతా చేశాడు.

ఆ రోజుల్లో మనకు ఇవి రేడియోలో కూడా సరిగా వినిపించని సంగతులు. తర్వాత కాలం మారింది. 2005లో నరైన్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడయ్యాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరుగుతీశాయి. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారై బయటికి వస్తున్నాయి. శనక్కాయ పండిన ఎర్రనేల మీద కార్ల కర్మాగారం లేచింది. కనుక రేసుల మాట మన యువకులకు ఇప్పుడు కొత్త కాదు.

క్లార్క్ గురించి మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన సంగతి విజయాల లెక్క కాదు, ఆయన నడిపిన తీరు. కారుతో కుస్తీ పట్టేవాడు కాదు. అంత వేగంలోనూ స్టీరింగును మెత్తగా తిప్పేవాడు. అదే దూరం తిరిగిన తోటివారి కార్ల టైర్లకంటే, బ్రేకులకంటే ఆయన కారువి తక్కువగా అరిగేవని మెకానిక్కులు గమనించారు. మంచి సేద్యగాడు ఎద్దును ములుగర్రతో పొడిచి పని చేయించడు. పగ్గం కదిలితే చాలు, ఎద్దుకు అర్థమవుతుంది. క్లార్క్ చేతిలో యంత్రం అలాగే ఉండేది.

బైబిల్లోనూ వేగంగా రథం తోలినవాడు ఒకడున్నాడు. దూరంనుంచి చూసిన కావలివాడు, తోలే తీరును బట్టే అతడు నింషీ కుమారుడైన యెహూ అని గుర్తుపట్టాడు (2 రాజులు 9:20). వెర్రిగా తోలడమే అతని గుర్తు. మనిషి పనిచేసే తీరులో అతని అంతరంగం బయటపడుతుంది. చేతికి దొరికిన వరం తాను ప్రదర్శించుకోవడానికి అనుకునేవాడు ఒక తీరున నడుపుతాడు. అది తనకు అప్పగించబడిన సొత్తు అనుకునేవాడు మరో తీరున నడుపుతాడు. తలాంతుల ఉపమానంలో యజమాని లెక్క అడిగింది ఈ సంగతినే.

అంత పేరు వచ్చినా కారు దిగిన తర్వాత ఆయన బిడియస్తుడు. గోళ్లు కొరుక్కునే అలవాటు. పదిమందిలో మాట్లాడటానికి వెనకాడేవాడు. పోటీల మధ్య విరామం దొరికితే ఎడింగ్టన్ మెయిన్స్‌కు వెళ్లి గొర్రెల మధ్య తిరిగేవాడు. చివరి ఏడాది పన్నుల చిక్కువల్ల విదేశాల్లో ఉండవలసి వచ్చి, సొంత పొలానికి దూరమయ్యాడు. అయినా చనిపోయాక ఇంటివారు ఆయన్ని రాతిమీద మళ్లీ పొలానికే చేర్చారు.

మట్టలాదివారపు మరణం

ఆ కాలపు రేసు బాటల్లో మరణం ప్రతి మలుపులోనూ కాచుకుని ఉండేది. 1960లో బెల్జియంలో క్లార్క్ దిగిన రెండో ఫార్ములా వన్ పోటీలోనే ఇద్దరు చనిపోయారు. వారిలో ఒకరు తన జట్టువాడే. 1961లో ఇటలీలోని మోంజాలో క్లార్క్ కారు, జర్మన్ డ్రైవరు ఫాన్ ట్రిప్స్ కారు తగులుకున్నాయి. ఫాన్ ట్రిప్స్‌తోపాటు పదిమందికి పైగా ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు. క్లార్క్ బతికి బయటపడ్డాడు గాని, ఆ బరువును మోయవలసి వచ్చింది.

1968 ఏప్రిల్ 7. జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఫార్ములా టూ పోటీ. అది ఆయన జీవితంలో పెద్ద పోటీ ఏమీ కాదు. ఐదో చుట్టులో కారు బాట తప్పి చెట్లను ఢీకొంది. వెనుక టైరులో గాలి పోవడమే కారణమని భావించారు. చెట్లకూ బాటకూ మధ్య కంచె అన్నది లేదు. ఆయన వయసు 32. పెళ్లి కాలేదు. తోటి డ్రైవర్లు బిత్తరపోయారు. అంత నేర్పరికే ఇలా జరిగితే ఇక తమ గతి ఏమిటని వణికారు.

ఆ రోజు ఆదివారం. అందులోనూ మట్టలాదివారం. మరుసటి వారమే పునరుత్థాన పండుగ.

ఇక్కడ కొందరు విశ్వాసుల నాలుక ఒక మాటకు తొందరపడుతుంది: ఆదివారం ఆరాధన విడిచి రేసుకు వెళ్లినందుకే దేవుడు శిక్షించాడని. స్కాట్లాండుకే చెందిన మరో వేగవంతుని ఉదాహరణ కూడా చెబుతారు. ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని 100 మీటర్ల పోటీ వదులుకున్నాడు. తర్వాత 400 మీటర్లలో స్వర్ణ పతకం గెలిచాడు. ఆ తర్వాత లండన్ మిషనరీ సొసైటీ తరఫున చైనాకు వెళ్లాడు. మన గుత్తికి, అనంతపురానికి సువార్తికులను పంపిన సంస్థ కూడా అదే. లిడెల్ నిర్ణయం గొప్పది. ప్రభువు దినాన్ని అంత ప్రేమించినవాణ్ణి మన పిల్లలకు తప్పక చూపించాలి.

అయితే ఆ లిడెల్‌కు కూడా దీర్ఘాయుష్షు దొరకలేదు. 1945లో చైనాలో జపాను వారి నిర్బంధ శిబిరంలో, 43 ఏళ్ల వయసులో, మెదడులో గడ్డతో చనిపోయాడు. ఆదివారం పరుగెత్తనివాడూ యవ్వనంలోనే వెళ్లాడు, ఆదివారం పరుగెత్తినవాడూ యవ్వనంలోనే వెళ్లాడు. ఈ రెండు మరణాలను తూకం వేసే త్రాసు మన చేతిలో లేదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములో అందరికంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని యేసుప్రభువు అడిగాడు. కాదని తానే చెప్పాడు. వినేవారు తమ సంగతి చూసుకుని మారుమనస్సు పొందాలన్నాడు (లూకా 13:4, 5). ఒకని మరణం మనకు ఇతరులను తీర్పు తీర్చే అధికారం ఇవ్వదు. మన దినాలు లెక్కించుకొమ్మని హెచ్చరిస్తుంది, అంతే.

క్లార్క్‌ను పరిశుద్ధునిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఆయన అంతరంగం ఎరిగినవాడు దేవుడొక్కడే. ఆయన ఇంటివారు రాతిమీద వేసిన మాటల వరుసనే మేము చూపించదలిచాం.

మన బిడ్డల బండ్లు

క్లార్క్ మరణం ఒక పనికి ఊపునిచ్చింది. ఆయన స్నేహితుడు, స్కాట్లాండువాడే అయిన జాకీ స్టీవర్ట్ రేసు బాటల భద్రత కోసం పట్టుబట్టాడు. బాటల పక్కన ఇనుప కంచెలు, డ్రైవర్లకు బెల్టులు, పోటీ దగ్గర సరైన వైద్యులు కావాలని అడిగాడు. పిరికివాడని కొందరు ఎగతాళి చేశారు. అతడు లెక్కచేయలేదు. హాకెన్‌హైమ్ బాటకు కూడా తర్వాత కంచెలు వచ్చాయి. ఆ పోరాటం వల్ల ఎందరో తల్లుల బిడ్డలు బతికారు. స్టీవర్ట్ మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయినవాడే కనుక, భద్రత కోరేవాడికి ధైర్యం లేదనడం అబద్ధమని అతని జీవితమే చూపించింది.

ఈ సంగతి మన ఇళ్లకు చాలా దగ్గరగా ఉంది. గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద సాయంత్రాలు చూడండి. ఒక బండిమీద ముగ్గురు, తలకు హెల్మెట్ లేదు, సైలెన్సరు తీసేసిన చప్పుడు. ఎక్కువమంది రైతుల బిడ్డలే. శనక్కాయ అమ్మిన డబ్బుతోనో అప్పుతోనో తండ్రి కొనిచ్చిన బండి అది. బెంగళూరు నుంచి రాత్రిపూట బయలుదేరి పండుగకు ఇల్లు చేరాలని తొందరపడేవారు, మరికొందరు. అలాంటి బిడ్డల శవపేటికల ముందు మేము నిలబడ్డాం. తల్లికి చెప్పడానికి ఆ గడియలో ఏ ప్రసంగమూ చాలదు.

తమ్ముళ్లారా, వేగం మీకు వరమైతే దానికి ఒక చోటు ఉంది, ఒక శిక్షణ ఉంది, ఒక క్రమం ఉంది. క్లార్క్ అంత వేగంగా నడిపింది రేసు బాటమీద, అదీ యంత్రాన్ని మెత్తగా నడుపుతూ. ఊరి వీధి, జాతీయ రహదారి రేసు బాటలు కావు. అక్కడ గొర్రెలు దాటుతాయి, ముసలివాళ్లు దాటుతారు, బడిపిల్లలు దాటుతారు. హెల్మెట్ పెట్టుకోవడం పోలీసులకు భయపడటం కాదు, మీ తల్లి మీద ప్రేమ చూపడం. పొరుగువాని ప్రాణం కాపాడటం కూడా ఆరవ ఆజ్ఞలో భాగమే.

ఖాళీగా వదిలిన గడి

మన సంఘాల రిజిస్టర్ల విషయం ఒకటి చెప్పాలి. బాప్తిస్మం నమోదు చేసేటప్పుడు, పెళ్లి నమోదు చేసేటప్పుడు ‘వృత్తి’ అనే గడి వస్తుంది. వరుడో తండ్రో రైతు అయితే ఆ గడి దగ్గర ఒక చిన్న మౌనం వస్తుంది. “ఏమీ లేదయ్యగారూ, ఇంటికాడే ఉంటాడు” అంటారు. తెల్లవారుజామున లేచి చీనీ చెట్లకు నీళ్లు కట్టేవాడు, గొర్రు తోలేవాడు, మంద కాసేవాడు ‘ఏమీ లేనివాడు’ అయిపోయాడు!

ఈ మాట ఊరికే పుట్టలేదు. కరువు పుట్టించింది. ఎండిన బోర్లు, వడ్డీలు, ధర పలకని పంట పుట్టించాయి. చీనీ తోటలు ఎండిపోతుంటే ట్యాంకర్లతో నీళ్లు కొని పోసిన రైతులు ఇక్కడ ఎందరో. తోట దక్కలేదు, అప్పు మిగిలింది. వ్యవసాయం చేసే అబ్బాయికి పిల్లనివ్వమనే మాట క్రైస్తవ కుటుంబాల్లోనూ వినిపిస్తోంది. బతుకుతెరువుకు బెంగళూరుకు, కేరళకు వెళ్లినవారి ఇళ్లకు తాళాలు. ఇక అప్పుల బరువు మోయలేక ప్రాణం తీసుకున్న రైతుల కుటుంబాల గురించి ఈ నేలమీద వేరే చెప్పనక్కరలేదు. మనిషిని చంపేది అప్పు ఒక్కటే కాదు. తన పనికి విలువ లేదని, తనకు పేరు లేదని నలుగురూ అనుకుంటున్నారన్న భావన కూడా చంపుతుంది. ఆ భావనను పెంచడంలో మన సంఘాలకు ఏ భాగమూ ఉండకూడదు.

వాక్యం ఏమంటోంది? మనిషికి దేవుడు అప్పగించిన మొదటి పని తోటను సేద్యపరచి కాయడం (ఆదికాండము 2:15). ఎలీషాకు పిలుపు అందినప్పుడు అతడు దున్నుతూ ఉన్నాడు. అన్నిటినీ మించి, యేసుప్రభువు తాను నిజమైన ద్రాక్షావల్లినని చెప్పినప్పుడు తన తండ్రికి ఏ వృత్తి పేరు పెట్టాడు? మన తెలుగు బైబిల్లో ఆ మాట ‘వ్యవసాయకుడు’ (యోహాను 15:1). దేవుని కుమారుడు తన తండ్రికి ఆ పేరు పెట్టడానికి సందేహించలేదు. మన కొడుకులు తమ తండ్రుల వృత్తి చెప్పడానికి ఎందుకు తలవంచుకోవాలి?

కరువు నేలలో గౌరవం ఒక్కటే కడుపు నింపదు. అది మాకు తెలుసు. వాన కావాలి, గిట్టుబాటు ధర కావాలి, అప్పు తీరే మార్గం కావాలి. వాటికోసం అడగవలసినవారిని అడగాలి, ప్రార్థించవలసినవానికి ప్రార్థించాలి. కానీ సంఘం తన చేతిలో ఉన్న పని మొదట చేయవచ్చు. రిజిస్టరులో ఆ గడిని ఖాళీగా వదలకుండా ‘రైతు’ అని రాయండి. కూలికి వెళ్లే అక్కకు ‘వ్యవసాయ కూలి’ అని గౌరవంగా రాయండి. కోతపండుగనాడు పండిన కాయలను, ధాన్యాన్ని వేలం వేసి ఊరుకోకుండా, పండించినవారిని ముందుకు పిలిచి వారి చేతులమీద ప్రార్థన చేయండి. పంట పోయిన ఏడు కూడా పిలవండి. ఆ ఏడు మరీ ముఖ్యంగా పిలవండి. మాటామంతీ తగ్గించి మౌనంగా ఉంటున్న రైతు ఇంటికి పెద్దలు ఇద్దరు కలిసి వెళ్లండి, అప్పు సంగతి విప్పి మాట్లాడండి.

యువకులు పట్నాలకు వెళ్లవద్దని మేము చెప్పడం లేదు. కియాలో పనిచేయండి, కార్లు నడపండి, దేవుడు చేయనిస్తే రేసుల్లోనూ గెలవండి. మీకు ఎంత పేరు వచ్చినా మిమ్మల్ని పెంచిన మట్టి పేరు మొదట చెప్పండి. ప్రపంచ చాంపియన్‌కు అది చిన్నతనం కాలేదు.

యాకోబు తన పత్రికలో ప్రభువు రాకడకోసం ఎలా కనిపెట్టాలో చెప్పడానికి ఒక మనిషిని ఉదాహరణగా తీసుకున్నాడు. తొలకరి వానకోసం, కడవరి వానకోసం ఓపికతో ఎదురుచూసే వ్యవసాయకుణ్ణి చూపించాడు (యాకోబు 5:7). విశ్వాసులందరికీ ఓపికలో గురువుగా అపొస్తలుడు నిలబెట్టింది ఆయన్నే. అలాంటి గురువులు ఈ ఎర్రనేలమీద ప్రతి పల్లెలోనూ ఉన్నారు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక వెనుక వరుసలో నిలబడే ఆ పెద్దాయన చేయి పట్టుకుని, ఆయన బతికి ఉండగానే, ఒక్క మంచి మాట చెప్పండి.